నాన్న పక్కన నా చోటు

మా ఊరికీ పక్క ఊరికీ ఎప్పుడూ పడేది కాదు. రెండూ చిన్న పట్టణాలే. మధ్యలో పత్తి చేలు, మిరప చేలు, వాటిని చీల్చుకుంటూ ఇరుకు రోడ్డు, ఆ రోడ్డుకో గుడ్డి మలుపు. అక్కడ ఎవరైనా పోతే అది మీ హద్దంటే మీ హద్దని రెండు ఊళ్ళూ వాదించుకునేవి. అలాంటిది, రోడ్డు వెడల్పుకు నిధులు కావాలంటే ఇద్దరూ కలిసి అడగాలని పైనుంచి మాట రాగానే అన్నదమ్ములైపోయారు. ఉమ్మడి అర్జీ టైపు చేయమని నన్ను పట్టుకున్నారు. తెలుగు టీచర్ని కదా, తప్పులు రావని.

అర్జీకి ముఖ్యం మృతుల జాబితా. అందులో ఒక్క పేరు తప్పని తేలినా మొత్తం మూలన పడేస్తారని రోడ్ల శాఖ ఇంజనీరు గారు ముందే చెప్పారు. పక్క ఊరి జాబితాలో మలుపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరెక్కడ పోయారో వరసగా ఉంది. ఒక వరసలో 'స్కూటరు మీద మాస్టారు' అని వచ్చింది. ఆయన మా నాన్న. ఆ వరస వస్తుందని తెలుసు, మనసు గట్టి చేసుకునే కూర్చున్నాను. దాని కింద 'ఆయన కూతురు, ఎనిమిదేళ్ళు' అని ఉంది.

మా నాన్నకు నేనొక్కదాన్నే కూతుర్ని.

పట్టపగలు, ఫ్యాను కింద, పక్కన ఇద్దరు టీ తాగుతుండగా ఆ వరస మళ్ళీ చదివాను. ఈ జాబితా ఎవరు రాశారని అడిగాను.

"నేనేనండి," అన్నారు పక్క ఊరి గుమాస్తా గారు. "స్టేషన్లో పాత కాగితాలు సగం లేవు. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో వెళ్ళి, ఖాళీలు చూసి రాసుకొచ్చానండి."

మా వైపు రోడ్డు వారనే కాయలు ఆరబోస్తారు. మనిషి పోయిన చోట మాత్రం పోయరు. చుట్టూ ఎర్రగా కాయలు, మధ్యలో మనిషి పొడవున ఉత్త మట్టి. గుమాస్తా గారు ఆ ఖాళీలను ఒక్కొక్కటే చూసుకుంటూ, పక్కనున్న రైతుల్ని అడుగుతూ పోయారు.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో వెళ్ళాను. మలుపు చివర ఒక పెద్ద ఖాళీ, దాన్ని ఆనుకుని ఒక చిన్నది. గాలి బాగానే వీస్తోంది, ఆ చిన్నదాంట్లోకి మాత్రం ఒక్క కాయ కూడా దొర్లి రాలేదు. దగ్గరికి వెళ్ళబోయాను.

"అటు తొక్కమాకమ్మా," అన్నాడు కాయలు తిరగేస్తున్న ముసలి రైతు. "పసిపిల్ల ఉంది."

ఉంది అన్నాడు. "ఆ పిల్ల నేనే, పెద్దాయనా," అన్నాను.

ఆయన నమ్మలేదు. "నా చేతుల్తో ట్రాక్టరెక్కించా. ఒళ్ళు చల్లబడిపోయింది. గుంటూరు చేరకుండానే పోయిందన్నారు."

అన్నారు, అంతే. ఎవరూ వచ్చి చూడలేదు. ఆసుపత్రి నుంచే అమ్మ నన్ను చీరాలలో తన పుట్టింటికి తీసుకెళ్ళిపోయింది. ఉద్యోగం వచ్చాకే నేను మళ్ళీ ఇటు వచ్చాను. గడ్డం కింద మచ్చ చూపించాను. ఆయన వంగి చూశాడు.

"మరి ముప్పయ్యేళ్ళ నుంచి ఇక్కడ ఎవరికి చోటిచ్చానమ్మా? ఏటా కాయలు పోసే ముందు కాస్త జరుగు తల్లీ అనేవాణ్ణి. నాన్న పక్కకి జరిగేది."

చిన్న ఖాళీని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి బస్సెక్కాను.

సంగతి చెబితే రెండు ఊళ్ళ పెద్దలూ ఒక్క గొంతుతో, "ఉంచెయ్యండి టీచర్ గారూ, పసిపిల్లంటే అర్జీకి బలం," అన్నారు. వీళ్ళ సఖ్యత ఏడ్చినట్టే ఉంది. బతికున్నదాన్ని చంపి రోడ్డు అడుక్కుంటారా అని కసిరాను. పైగా నా పేరు అబద్ధమని తేలితే నాన్న చావునూ నమ్మరు. ఆ వరస నేనే తీసేశాను.

అర్జీ నెగ్గింది. ఈ ఏడు మలుపు పొడవునా కొలత రాళ్ళు పాతారు. వచ్చే పంటకు అక్కడ కాయలు పోసే నేల ఉండదు, అంతా తారే. చివరిసారి చూద్దామని వెళ్ళాను.

"పోశానమ్మా," అన్నాడు ముసలాయన సంతోషంగా. "ఇంక నీకేం భయం లేదు."

మంచి పని చేశావన్నాను. చిన్న ఖాళీ నిండా కాయలు ఎండుతున్నాయి. పెద్దది అలాగే ఉంది. బస్సు వచ్చేదాకా దాని పక్కనే నిలబడ్డాను. ముప్పయ్యేళ్ళు నాన్న పక్కన ఎవరో ఒకరున్నారు. ఇప్పుడు లేరు, నా వల్లే.