బొట్టు పెట్టిన డిస్కు

దయ్యాల సంగతులు మొదలైతే నేను లేచి వెళ్లిపోయే రకం. భయపడి కాదు, విసుగొచ్చి. మా మేనత్త ఒకసారి, చనిపోయిన మామయ్య చుట్ట వాసన వస్తోందని ఏడుస్తుంటే, పక్కింటాయన తాగుతున్నాడేమో కిటికీ మూసుకో అన్నవాణ్ణి. ఆమె నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్, చేసింది కంప్యూటర్ల రిపేరు. కరెంటు ఉంటే మిషన్ నడుస్తుంది, లేకపోతే నడవదు. అంతకు మించిన వేదాంతం నాకు తెలియదు.

ఇప్పుడు రాస్తున్నదాంట్లో దయ్యం ఉందో లేదో చెప్పలేను. నా తప్పు మాత్రం ఉంది. అది ముందే చెప్పేస్తే నాకు రాయడం తేలికవుతుంది.

ఎనభైల చివర్లో నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా చేరాను. కొత్త ఉద్యోగం, ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే. మూడు నెలలకోసారి వరంగల్ వెళ్లి, దరీలు, అంటే నూలు తివాచీలు, నేసే వాళ్ల సొసైటీ ఒకదాంట్లో కంప్యూటర్ చూసి రావడం నా పనుల్లో ఒకటి. ఒక పెద్ద డబ్బా, దానికి తగిలించిన రెండు టెర్మినళ్లు, ఒక ప్రింటర్. ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లు. ఒక టెర్మినల్ దగ్గర టైపిస్టు సుజాత కూర్చునేది. రెండోదాని దగ్గర కొమురయ్య.

కొమురయ్యకు అరవై దాటాయి. నలభై ఏళ్లు దరీలు నేసి, చూపు మందగించాక మగ్గం దిగాడు. పాత దరీల డిజైన్లన్నీ ఆయన దగ్గర గళ్ల కాగితాల మీద ఉండేవి. వాటిని నక్షాలు అంటారు. కొన్ని వాళ్ల తాత గీసినవి. ఒక్కో గడికి ఒక్కో రంగు, ఒక్కో రంగుకు ఒక్కో అంకె. ఆ అంకెల్ని వరసలు వరసలుగా కంప్యూటర్లో కొట్టడం సుజాత నేర్పింది. భూతద్దం పెట్టుకుని, ఒక్క వేలితో, రెండేళ్లు కొట్టాడు. ఎనభై మూడు నక్షాలు. కొట్టడం అయిపోయిన కాగితాలు అప్పటికే పొడిపొడిగా రాలిపోతున్నాయి. మిషన్లోకి ఎక్కాయి కదా, ఇంకా ఎందుకీ చెత్త అని సెక్రటరీ వాటిని బయట పారేయించాడు. అయిదారు నక్షాలకు తప్ప ప్రింట్లు కూడా తీయలేదు.

రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. నేను వెళ్లినప్పుడల్లా కొమురయ్య దాని గురించే తిట్టేవాడు.

"గీ రెండు గంటలు కరెంటుంటే ఇంకింత పని ఎల్లుతుండె సారూ. ఉత్తగ కూసునుడయితాంది."

ఆ ఏడు దసరా అయిన రెండు వారాలకు నన్ను ప్రత్యేకంగా పిలిచారు. హార్డ్ డిస్కు కీచుమని చప్పుడు చేస్తోంది. అది పూర్తిగా పాడవకముందే కొత్తది వేసి, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, పాత డిస్కులోని ఫైళ్లు కొత్తదాంట్లోకి మార్చాలి. ముందు ఫైళ్లన్నీ ఫ్లాపీల్లోకి కాపీ తీసుకోవాలి, అది రూలు. రెండు గంటలు పడుతుంది. సాయంత్రం కాజీపేటలో నాకు రైలుంది. తర్వాత ఎలాగూ మార్చేదే కదా అని ఆ పని ఎగ్గొట్టాను.

పాత డిస్కు ఊడదీశాను. కొత్తది అట్టపెట్టెలోంచి తీశాను. ఒకటే కంపెనీ, ఒకటే మోడల్, ఇటుకంత బరువు. రెండూ బల్ల మీద పెట్టి చౌరస్తాకు వెళ్లి భోంచేసి వచ్చాను. వచ్చేసరికి సుజాత బల్ల తుడిచి అన్నీ సర్దింది. ఏది ఏదో ఒక్క క్షణం అర్థం కాలేదు.

అప్పుడు ఒక డిస్కు మీద పసుపు, కుంకుమ బొట్టు కనిపించింది. దసరాకు వాళ్లు మగ్గాలకు, నాడెలకు, చివరికి కీబోర్డుకు కూడా బొట్లు పెట్టారు, ఆ మరకలు ఇంకా ఉన్నాయి. కాబట్టి బొట్టున్నది పాతది, లేనిది కొత్తది అనుకున్నాను. దసరా రోజు డబ్బా విప్పి లోపలి డిస్కుకు బొట్టు ఎవరు పెడతారు? ఆ పాటి ఆలోచన రాలేదు. సంచిలో ఉన్న కొత్త డిస్కు చలానా తీసి సీరియల్ నంబరు చూస్తే ఒక్క నిమిషంలో తేలేది. అదీ చేయలేదు.

నేను భోజనానికి వెళ్లినప్పుడు కొమురయ్య కొత్త డిస్కుకు బొట్టు పెట్టాడు. కొత్త పనిముట్టు ఏది వచ్చినా వాడకముందు బొట్టు పెట్టడం వాళ్ల ఆచారం.

బొట్టు లేని డిస్కును డబ్బాలో బిగించి ఫార్మాట్ చేశాను. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా తుడిచేయడం. ఫ్లాపీలు ఒక్కొక్కటే పెట్టి దానిలోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. తర్వాత బొట్టున్న డిస్కును పక్కన తగిలించి చూస్తే ఖాళీ. కడిగిన పలకలా ఖాళీ. ఆ ఎనభై మూడు నక్షాలూ తుడిచింది నేనే.

సెక్రటరీ లోపలికి వచ్చి ఏమైంది సార్ అన్నాడు. అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పాత డిస్కు ముందే పాడైపోయింది, ఏమీ రావడం లేదు అన్నాను. ఎట్ల పాడైంది అన్నాడు. సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా స్విచ్ ఆపేస్తే అలా అవుతుందని చెప్పాను.

రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే పని కొమురయ్యది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన డబ్బా పక్కన తగిలించి ఉన్న బొట్టు డిస్కు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "మీరు జెప్పినట్టే బందు జేసిన సారూ," అని ఒక్క మాట అన్నాడు. మర్నాటి నుంచి ఆయన్ని ఆ గదిలోకి రానివ్వలేదు. నలుగురి బతుకుదెరువు పోగొట్టాడని వాడలో కూడా మాటలు పడ్డాడట.

నేను రైలు మానుకుని, కొత్త డిస్కు బిగించి, అన్నీ మొదటి నుంచి మళ్లీ ఎక్కించాను. పాత డిస్కును తుక్కు అని చెప్పి నాతో హైదరాబాదు తెచ్చుకున్నాను.

తర్వాతి సర్వీసుకు జ్వరమని చెప్పి ఇంకొకర్ని పంపాను. ఏప్రిల్లో తప్పలేదు. వెళ్లగానే సుజాత చెప్పింది, కొమురయ్య మాఘమాసంలో పోయాడని.

ఇక్కడి నుంచి చూసింది చూసినట్టు రాస్తాను.

డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూడటం సర్వీసులో భాగం. నేను అనుకున్నదానికంటే ఎక్కువ నిండింది. వెతికితే ముప్పై ఒక్క ఫైళ్లు కనిపించాయి. తెరిచాను. అంకెలు, వరసల మీద వరసలు. ఒకటి ప్రింట్ చేస్తే దరీ నక్షా వచ్చింది.

ఆ మిషన్లో ప్రతి ఫైలు పక్కన దాన్ని రాసినవాళ్ల పేరు వస్తుంది. లోపల మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు ఉంటుంది. కొత్త డిస్కులో నేను సుజాత పేరు, నా పేరు మాత్రమే పెట్టాను. ఈ ఫైళ్ల పక్కన పేరు లేదు, ఉత్త నంబరు ఉంది. అది పాత డిస్కులో కొమురయ్యకు ఇచ్చిన నంబరు. నా డైరీలో చూసుకున్నాను, అదే.

ఫైళ్ల మీద తారీఖు, టైము కూడా ఉంటాయి. తారీఖులన్నీ ఆయన పోయిన తర్వాతివి. టైములన్నీ మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్యవే. మిషన్ ఎప్పుడు వేసింది, ఎప్పుడు ఆపింది సుజాత రిజిస్టర్లో రాస్తుంది. ఒక్కో తారీఖూ సరిచూశాను. ఆ గంటల్లో ప్రతి రోజూ ఒకటే రాసి ఉంది: కరెంటు లేదు.

సుజాత నాతో ఆటలాడుతోందేమో అనిపించింది. అడిగితే, "నాకు నక్షాలెట్ల ఎర్కయితయి సార్? గా కాయితాలే లేకపాయె," అంది. పాస్‌వర్డులు మార్చాను. రెండో టెర్మినల్ వైరు ఊడదీసి సంచిలో వేసుకున్నాను. ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

జూలైలో వెళ్లేసరికి ఎనభై మూడూ ఉన్నాయి.

ఈసారి సుజాత నాకంటే ముందే చూసి సెక్రటరీకి చెప్పింది. మూడు నెలల కింద నేనే ఏదో చేసి పోయిన ఫైళ్లు తెప్పించానని వాళ్లు నిర్ణయించేసుకున్నారు. ఆఫీసులో నలుగురు పెద్దలు నిలబడి నాకు దండ వేశారు. వద్దని కూడా అనలేదు నేను.

దండ అక్కడే వదిలేసి, అడ్రసు కనుక్కుని కొమురయ్య ఇంటికి వెళ్లాను. ఆయన భార్య లచ్చమ్మ అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆమె ముందు కింద కూర్చుని అంతా చెప్పాను. డిస్కు తుడిచింది నేను, నింద వేసింది నేను. తిడుతుందని, కొడుతుందని, ఏదో ఒకటి చేస్తుందని చూశాను.

చుట్టడం ఆపకుండానే అంది. "ఆయనకు ఎర్కే బిడ్డా. గా దినమే ఇంటికొచ్చి చెప్పిండు. కొత్త నౌకరి పిలగాడు, నేను నోరు దెరిస్తె ఆని బతుకు ఆగమైతది, ముసలోన్ని నాదేమున్నది అన్నడు. నేనైతె చెప్పమన్న. ఇనలే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది, అంతే.

అక్కడి నుంచి నేరుగా సొసైటీకి వచ్చి సెక్రటరీకి అదంతా మళ్లీ చెప్పాను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. ఆయన చివరిదాకా విని నవ్వాడు.

"మీరు తుడిచేస్తె ఎనభై మూడు నక్షాలు గిట్ల ముందట ఎట్లున్నయి సారూ? ముసలాయన పాణం పోయిందని ఆయన మీది మాట మీ మీద ఏసుకుంటాండ్రు. పెద్ద మనసు మీది."

ఎంత చెప్పినా వినలేదు. వినడానికి కారణం కూడా లేదు. సాక్ష్యం ఆయన కళ్ల ముందే ఉంది.

తర్వాత ఎందరో ఇంజనీర్లను అడిగాను. ఫార్మాట్ సరిగా అయి ఉండదన్నారు. మరి ఆ డిస్కు నాతో హైదరాబాదు వచ్చేసింది కదా అంటే, గడియారం తప్పు చూపించి ఉంటుందన్నారు. అయితే కొట్టిందెవరు అంటే మాట మార్చారు. దయ్యాల్ని ఇప్పుడు కూడా నమ్మను. కరెంటు లేని మిషన్లో ఆ అంకెలు ఎలా చేరాయో మాత్రం నాకు తెలియదు.

చాలా ఏళ్లకు, ఆ కంపెనీ మానేశాక, పనిమీద వరంగల్ వెళ్లి సొసైటీలోకి తొంగి చూశాను. సుజాత గుర్తుపట్టి, కొత్తగా చేరినవాళ్లను పిలిచింది. "కొమురయ్య పోగొట్టిన నక్షాలు తిరిగి తెచ్చిన సారు ఈనే," అని చూపించింది.

కాదమ్మా, పోగొట్టింది నేను అన్నాను. అందరూ నవ్వారు.