నడిచే పట్టా మీద విమానం

తొంభైల మొదట్లో తెలుగు బడిలో సైన్సు చెప్పడానికి షోలాపూర్‌ వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. జగిత్యాల దాటి ఒంటరిగా ఎక్కడా ఉన్నదాన్ని కాదు. "అక్కడంత మనోళ్ళే ఉంటరు, నీకు కొత్త అనిపియ్యదు" అని చెప్పి మా అమ్మ బస్సెక్కించింది. ఆమె మాట నిజమే, అక్కడంతా మనవాళ్ళే. మా పక్క ఊళ్ళ నుంచి తాతల కాలంలో మగ్గాల పనికి వెళ్ళి స్థిరపడిన వాళ్ళు. మాటా మాదే. కానీ ఆ మాటలో సగం మరాఠీ ఉండేది. పిల్లలు టీచరమ్మను "బాయీ" అని పిలిచేవాళ్ళు. మా ఊళ్ళో బాయి అంటే నీళ్ళు చేదుకునే బావి. మొదటి రోజు తరగతిలోకి వెళ్ళగానే పిల్లలంతా లేచి "నమస్తే బాయీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వొచ్చిందో చెప్పుకోవడానికి ఎవరూ లేక ఆ నవ్వును మింగేశాను.

భవాని పేట్‌లో ఒక కార్ఖానా మీద గది తీసుకున్నాను. కింద నాలుగు పవర్‌లూమ్‌లు పొద్దంతా టవళ్ళు నేసేవి. అవి నడుస్తున్నంతసేపు నా గది నేల సన్నగా వణుకుతూ ఉండేది, గ్లాసులో పోసిన నీళ్ళ మీద వలయాలు లేచేవి. ఎదురింటి అరుగుల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఒకటే ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు. నేను సందులోకి రాగానే "బాయి వస్తుండ్లు" అని సర్దుకుని కూర్చునేవాళ్ళు. ముచ్చట ఆగిపోయేది. నేను దాటి మెట్లెక్కాక మళ్ళీ మొదలయ్యేది. వాళ్ళు చూపించింది మర్యాదే. ఆ మర్యాద లేకపోతే ఎంత బాగుండేదో అనుకుంటూ తాళం తీసేదాన్ని. బడి అయ్యాక నేరుగా గదికి రాబుద్ధి కాక బజారంతా ఒక చుట్టు చుట్టి, కొనేది ఏమీ లేకపోయినా కూరగాయల బండ్ల దగ్గర నిలబడి వచ్చేదాన్ని.

ఇంటికీ కింది మగ్గాలకూ యజమాని డెబ్భై దాటిన ముసలాయన. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మగ్గాల చప్పుడులో బతుకంతా గడిపినందుకు చెవులు దాదాపు పోయాయి. పనివాళ్ళు ఆయనతో చేతి సైగలతోనే పని నడుపుకునేవాళ్ళు. నేను ఆయన్ని తాతా అనేదాన్ని, ఆయన నన్ను అందరిలాగే బాయీ అనేవాడు. మొదట్లో మా మధ్య మాటలు నీళ్ళు వచ్చాయా, పోయాయా అన్నంత వరకే. సాయంత్రం మగ్గాలు ఆగిపోయాక ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని మరాఠీ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి టెండరు ప్రకటన దాకా చదివేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం కింద నుంచి కేక వేశాడు.

"బాయీ! జర కిందికి వస్తవా?"

ఏమైందోనని గబగబా దిగాను. ఆయన పేపరులో పిల్లల పేజీ నా ముందు పెట్టాడు.

"నువ్వు సైన్సు బాయివి గద. ఇది జెప్పు."

మరాఠీ నాకు అంతంత మాత్రమే. ఆయనే చదివి తెలుగులో చెప్పాడు. కార్ఖానాల్లో సామాను మోసే బెల్టు లాంటి ఒక పెద్ద నడిచే పట్టా మీద విమానం నిలబడి ఉంది. విమానం ఎంత వేగంతో ముందుకు పోతే, పట్టా అంతే వేగంతో వెనక్కి పోతుంది. ఆ విమానం ఎగురుతుందా, ఎగరదా? జవాబు వచ్చే ఆదివారం.

నేను ఒక్క క్షణం ఆలోచించి "ఎగురుతది" అన్నాను.

"ఆఁ?"

"ఎగురుతది తాతా!" అని అరిచాను. ఎదురింటి అరుగు మీద తలలన్నీ లేచాయి.

"ఎట్ల ఎగురుతది? పట్టా యెనకకు గుంజవట్టె. అది ఎంత ఉరికినా జాగలనే ఉంటది. ఉరకకుంట ఎట్ల లేస్తది?"

"సైకిల్ అయితే జాగలనే ఉంటది. సైకిల్ చక్రం నేలను తన్ని పోతది. విమానం నేలను తన్నదు, గాలిని తంతది. చక్రాలు ఉత్తగ దొర్లుతయి, అంతే."

"ఉత్తగ దొర్లనీకె చక్రాలెందుకు పెట్టిండ్రు మరి?"

దానికి జవాబు చెబుతుంటే ఇంకో ప్రశ్న వేశాడు. దానికీ చెప్పాను. చీకటి పడి వీధి దీపం వెలిగేసరికి నా గొంతు బొంగురుపోయింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "పోదు బాయీ. పోనే పోదు."

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి గడప దగ్గర రెండో కుర్చీ వేసి ఉంది. పక్కనే గిన్నెలో చాయ్ మరుగుతోంది. పొద్దంతా మగ్గాల మధ్య తిరుగుతూ ఆయన కొత్త వాదన సిద్ధం చేసుకున్నాడు. మగ్గం వెనక పడుగు దోనె, అంటే నూలు చుట్టిన దూలం, ఎంత నూలు విడిస్తే ఈ పక్క దోనె అంత గుడ్డను చుట్టుకుంటుందట. రెండూ సమానంగా తిరుగుతున్నప్పుడు మధ్యలో పెట్టిన వస్తువు ఎటు పోతుందని అడిగాడు. అది వేరు, ఇది వేరు అని ఎడ్లబండి సంగతి ఎత్తుకున్నాను. బండి చక్రం తనంతట తాను పోదు, దాన్ని ఎడ్లు గుంజుతాయి. బండి పట్టా మీద ఉండి, ఎడ్లు పక్కన గట్టి నేల మీద ఉంటే బండి ఆగుతుందా?

"ఎడ్లు లేని బండికి ఎడ్ల లెక్క చెప్తవేంది?" అన్నాడు ఆయన.

అలా రోజూ సాయంత్రం మా వాదన నడిచింది. అరుగుల మీది ఆడవాళ్ళు మమ్మల్ని చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకామె అయితే నేను సందు మలుపు తిరగగానే "బాయీ, ఇయ్యాల్నన్న లేస్తదా మీ ఇమానం?" అని అడిగింది. ఆ సందులో నన్ను ఎవరైనా ఆటపట్టించడం అదే మొదలు. అప్పుడు గమనించుకున్నాను, నేను బజారు చుట్టి రావడం మానేశానని. బడి గంట కొట్టగానే, ఈరోజు ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ నేరుగా ఇంటికే వస్తున్నాను.

ఆదివారం పేపరులో జవాబు వచ్చింది. "ఎగురుతుంది" అని ఒక్క ముక్క. ఎందుకో రాయలేదు. తాత దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అచ్చు తప్పు వడ్డది. నాహీ అని ఉండాలె. ఆ మాట ఎగిరిపోయింది."

"పేపరోళ్ళకు అంత పెద్ద మాట కనబడలేదా తాతా?"

"వాళ్ళు నా లెక్కనే ముసలోళ్ళయిండ్రేమో."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను అక్కడితో ఊరుకోలేకపోయాను. చదువు చెప్పేవాళ్ళకు ఉండే రోగం అది. ఎదుటివాడికి అర్థమయ్యేదాకా నిద్ర పట్టదు. ఆ వారమే బజారులో పిల్లలు ఆడుకునే రేకు మోటారు బండి ఒకటి కొన్నాను. చక్రాలు తేలిగ్గా తిరుగుతాయో లేదో వేలితో తిప్పి మరీ చూసి తెచ్చాను. కత్తిరించని టవళ్ళ గుడ్డ కార్ఖానాలో ఎంతైనా ఉంది. నేల మీద దాన్ని పొడవుగా పరిచి, ఒక కొన తాత చేతికిచ్చాను. బండిని ఆయన దగ్గరగా గుడ్డ మీద పెట్టి, దాని ముక్కుకు నూలు దారం కట్టి, దారం పట్టుకుని అవతలి కొనకు వెళ్ళి నిలబడ్డాను.

"గుడ్డ పట్టా, బండి విమానం. నువ్వు గుడ్డను నీ దిక్కు గుంజు. నేను దారం గుంజుత. ఈ దారమే గాలి దెబ్బ అనుకో!"

ఆయన గుంజాడు, నేనూ గుంజాను. గుడ్డ అటు పోతోంది, దాని మీద బండి ఇటు వస్తోంది. ఆయన పంతం పట్టి ఇంకా జోరుగా గుంజాడు. చక్రాలు గిర్రున తిరిగాయి తప్ప బండి ఆగలేదు. ఊగుతూ ఊగుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

తాత చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని బండిని చూశాడు. "ఖరే" అన్నాడు మెల్లగా. "పోతది. నువ్వు జెప్పిందే నిజం."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గదిలోకి వెళ్ళాను.

మర్నాడు కుర్చీలు రెండూ ఉన్నాయి, చాయ్ కూడా ఉంది. ఆయన పేపరు చదువుతున్నాడు. కూర్చున్నాను. ఇద్దరం చాయ్ తాగాం. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అడగడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఇనుప ఓడ నీళ్ళ మీద ఎట్లా తేలుతుందో తెలుసా అని నేనే ఎత్తుకున్నాను. "తేల్తది గద, అందరికి ఎరుకే" అని పేజీ తిప్పాడు. ఆ తర్వాతి రోజు కాసేపే కూర్చున్నాను. ఇంకొన్ని రోజులకు బడిలో పని ఉందని చెప్పి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాను. అరుగుల మీది ఆడవాళ్ళు కూడా విమానం ఊసు మరిచిపోయారు. గది మళ్ళీ పాత గదిలాగే అయింది. గెలిచినందుకు అంత దిగులుగా ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు. దీన్ని ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు.

చలికాలంలో ఒకరోజు, బట్టలు ఆరేసుకుంటుంటే కింద నుంచి కేక వినబడింది. "బాయీ! ఆ దినం నేను సరింగ గుంజలె!"

పిట్టగోడ మీంచి వంగి చూశాను. టవళ్ళ గుడ్డ నేల మీద పరిచి, కొన పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది తాతా?"

"నా చెయ్యి జారింది ఆ దినం. మల్ల గుంజుదం రా. ఇమానం ఎట్ల పోతదో చూస్త."

ఆయనకు నిజంగానే అనుమానం వచ్చిందో, నా కోసమే అనుమానం తెచ్చుకున్నాడో ఈనాటికీ తెలియదు. నేను అడగలేదు. తడి బట్టలు బక్కెట్లో అలాగే పడేసి, రేకు బండి పట్టుకుని దిగాను. బండి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. దారం సన్నంగా ఉంది, లావుది కావాలన్నాడు. మర్నాడు గుడ్డ మారుద్దామన్నాడు. ఈసారి నేను తొందరపడలేదు. "అవును తాతా, గుడ్డ జర మెత్తగున్నది" అన్నాను.

ఎండాకాలానికి మా జిల్లాలోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి కిందికి వెళ్ళేసరికి మగ్గాలు నడుస్తున్నాయి. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "నేను పోతున్న తాతా!" అని అరిచాను.

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. "పోదు బాయీ. పోదు."

నా గుండె మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత వీధి వైపు, దూరంగా చూపించాను. ఆయన నవ్వు ఆగింది. వెళ్ళి స్విచ్చి తీశాడు. మగ్గాలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. పనివాళ్ళు మా వైపు చూశారు.

"ఎప్పుడు?"

"ఎల్లుండి."

"మీ అమ్మ దగ్గరికేనా?"

"ఆఁ."

"మంచిది" అన్నాడు. ఇంకేదో అంటాడని నిలబడ్డాను. ఆయన భుజం మీది టవలుతో చేతులు తుడుచుకున్నాడు. పనివాళ్ళు కాచుకుని ఉన్నారని గుర్తొచ్చి, వెళ్ళి మళ్ళీ స్విచ్చి వేశాడు.

కొన్నేళ్ళ తర్వాత షోలాపూర్ నుంచి పెళ్ళికి వచ్చిన ఒకామెను అడిగితే, ఆ మగ్గాలు అమ్మేశారని, ముసలాయన ఆ ఊళ్ళోనే నీలం నగర్‌లో చుట్టాలింట్లో ఉంటున్నాడని చెప్పింది. ఎవరా చుట్టాలు, ఏ గల్లీ అని అడిగాను. ఆమెకు తెలియదు.