నేను పట్టుకున్న ఒక్క పేరు

నా తమ్ముడు బొగ్గుబాయిల కప్పు కూలి చనిపోయిండు. ఆ షిఫ్టుల పని చేయించే ఓవర్‌మెన్ విచారణల, "నేను వద్దన్న, అతనే మొండిగ లోపలికి పోయిండు" అని చెప్పిండు. పక్కన పనిచేసినోళ్లు మా ఇంటికొచ్చి నిజం చెప్పిన్రు. కప్పు పడకుంట సపోర్టు పెట్టకముందే లోపలికి పొమ్మని గద్దించింది వాడేనట. విచారణల చెప్పుమంటే మాత్రం అందరు తలలు దించుకున్నరు.

మా మామూ, అంటే అమ్మకు అన్న, బెల్లంపల్లిల దర్గా పక్కన ఉంటుండె. మదర్సాల ఏండ్లకేండ్లు తర్కం చెప్పి, ముసలితనంల సూఫీల దారి పట్టిండు. ఆయన దగ్గరికి పోయిన.

"మామూ, అల్లా పేర్లల్ల ఒకటి పట్టుకొని జికర్ చేసుకుంట, మల్లమల్ల అదే తలుసుకుంట. ముంతఖిం. పగ తీర్చేటోడు."

ఆయన చాయ్ కప్పు కింద పెట్టిండు.

"లోకం ఉన్నదంటే చేసినోడు ఉన్నడని ఆలోచనతోని తెలుసుకుంటరు కొందరు. నేను గూడ గట్లనే మొదలువెట్టిన. అది ఇంట్ల కూసొని వాన చప్పుడు విన్నట్టు. జికర్ అంటే బయటికొచ్చి తడుసుడు. కానీ నీకు కావాల్సింది అల్లా కాదు బేటా, ఆ మనిషి."

"ఇద్దరూ కావాలె" అన్న.

రోజూ తెల్లారకముందు ఫజర్ నమాజ్ అయినంక తస్బీ దండ పట్టుకొని ఆ ఒక్క పేరే తిప్పిన. కొన్ని నెలలకు, కండ్లు మూస్తే అల్లా యాదికొచ్చుడు బందయింది. ఓవర్‌మెన్ ముఖమే వచ్చేది. వాని మీసం, పాన్ మరకల పండ్లు, హెల్మెట్ కింది చెమట. మామూకు ఫోన్ చేసి చెప్పిన.

"వాణ్ణి తెలుసుకున్నంత మంచిగ నువ్వు ఎవ్వరినీ తెలుసుకోలే" అన్నడు.

నాకు సిగ్గనిపియ్యలే. ఆ మాట నచ్చింది.

ఒకనాడు ఆ ఓవర్‌మెనే మా క్వార్టర్‌కు వచ్చిండు. నా తమ్ముడు కలలకొస్తున్నడట.

"మాఫ్ చెయ్యి భాయ్" అన్నడు.

"నాకు చెప్తే ఏమొస్తది? బాయి గేటు కాడ, షిఫ్టు మారేటప్పుడు అందరు వినంగ చెప్పు. విచారణ చేసిన సాబ్‌కు గూడ చెప్పు."

"నౌకరి పోతది."

"పోనీ."

వాణ్ణి కూసోమని గూడ అనలే.

ఆ వారమే చెప్పిండు. ఒక షిఫ్టోళ్లు బయటికొస్తుంటే, ఇంకో షిఫ్టోళ్లు లోపలికి పోతుంటే, గేటు కాడ నిలబడి "నేనే పొమ్మన్న" అన్నడు. నా తమ్ముని పెండ్లాం, మా మరదలు, నా పక్కన కొంగు నోట్ల కుక్కుకొని నిలబడ్డది. కంపెనీవోళ్లు వాణ్ణి సస్పెండ్ చేసిన్రు. తప్పు నా తమ్మునిది కాదని ఒప్పుకున్నరు. ఆ రోజు అయినంత సంతోషం నాకు ఏ పండుగకూ కాలే.

"ఇప్పుడన్న మాఫ్ చేసినవా?" అని అడిగిండు మామూ, నేను బెల్లంపల్లికి పోయినప్పుడు.

"లే."

"అల్లా ఇన్సాఫ్, ఆయన న్యాయం చూసినవు. ఆయనను ఇంకా చూడలే" అని మామూ లేచి, నమాజుకు ముందు కాళ్లుచేతులు కడుక్కునే వజూకు పోయిండు. అది నిజమే కావచ్చు.

మామూ చనిపోయి ఇప్పటికి శానా ఏండ్లయింది. మొన్న దవాఖాన లైన్ల ఓవర్‌మెన్ కనవడ్డడు. ముసలోడైండు, చేతిల కర్ర. నన్ను చూసి సలాం చేసిండు. నేను తిరిగి చెయ్యలే. నా వంతు వచ్చేదాక వాని దిక్కే చూసుకుంట నిలబడ్డ.