మూడంతస్తుల మోటర్

మొన్న నా చేతిల ఏమైందో చెప్తె నవ్వుతరు. నవ్వుండ్రి, పర్వాలేదు! ఎవ్వలకు ఏం కాలే గనుకనే గింత నిమ్మలంగ చాయ్ తాగుకుంట చెప్తున్న. లేకపోతె జనగామల ఏ ముఖం పెట్టుకొని తిరుగుదును?

తెలంగాణ కోసం సమ్మె గద, మా బడి బంద్. పొద్దంత ఇంట్ల కూసుంటె ఏం తోస్తలేదు. మా తమ్ముడు జానీ భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేస్తడు. క్వార్టర్ మీద మట్టి లేకుంటనే పాలకూర పెంచుతున్నడు. పైపులకు బొక్కలు కొట్టి మొక్కలు పెట్టుడు, డ్రమ్ముల మందు కలిపిన నీళ్లను చిన్న మోటర్‌తోని పైపులల్ల తిప్పుడు, గంతే. హైడ్రోపోనిక్స్ అంటరట. నేనూ మా డాబా మీద పెట్టిన. పాలకూర, పుదీన అన్నీ అయినయ్, మోటరొక్కటే తక్కువ.

జానీ ఫోన్ల ఒక్కటే మాట చెప్పిండు: "ఆపా, నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కాలెనో దుకానపాయనకు చెప్పు. ఆయనే సరైన మోటర్ ఇస్తడు."

బంద్ కదా, మోటర్ల దుకానం షటర్ సగం దించి ఉన్నది. వంగి లోపలికి పోయిన.

"ఎంత ఎత్తుకు ఎక్కాలె మేడం?"

"మూడంతస్తులన్న. డాబా మీదికి."

డ్రమ్ము గూడ డాబా మీదనే ఉన్నదని నేను చెప్పలే, ఆయన అడగలే. నీళ్లు ఎక్కాల్సింది నా నడుమంత ఎత్తు! ఆయన ఆలోచించి అర హెచ్‌పీ మోటర్ తీసిండు. "దీనికి తిరుగులేదు" అన్నడు. నిజమే చెప్పిండు పాపం.

ఇంటికొచ్చేసరికి మా ముంగట రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకొని తినుకుంట రాష్ట్రం కావాలని కొట్లాడుడు. మా గల్లీ సత్తెన్న మైకు పట్టుకొని ఉన్నడు. పక్కింటి లచ్చవ్వ పెద్ద కడాయిల నూనె పోసి మిరపకాయ బజ్జీలు ఏస్తున్నది. "టీచరమ్మా, జల్ది రా, వేడివేడిగున్నయ్!" అన్నది.

"రెండు నిమిషాలవ్వా!" అనుకుంట మీదికి ఉరికిన.

మోటర్ బిగించిన. డాబా మీద ప్లగ్గు లేదు, వైరు కింది వంటింట్లకెల్లి గుంజిన. కిందికి పోయి స్విచ్ ఏసి, మళ్ల మీదికి ఎక్కుతుంటె 'ఠప్' మన్నది. ఉరికి చూస్తె పైపు మూత ఊడి ఎగిరిపోయింది! నీళ్లు నన్ను తడిపి, పిట్టగోడ దాటి, సీదా రోడ్డు మీదికి! నా పాలకూర గూడ నీళ్లతోనే పోయింది.

కిందికెల్లి ఒకటే లొల్లి. "పోలీసోళ్లు నీళ్లు కొడుతున్నరు! ఉరుకుండ్రి!" ఇంకోదిక్కు "జై తెలంగాణ!" సత్తెన్న మైకుల "ఎన్ని నీళ్లు కొట్టినా కదిలేది లేదు!" అంటున్నడు. నాకు గదేం పట్టలే. లచ్చవ్వ కడాయి! కాగే నూనెల నీళ్లు పడితె ముసలామె ముఖం ఏం గావాలె? స్విచ్ కోసం మెట్ల మీదికెల్లి కిందికి ఉరికిన. "యా అల్లా, అవ్వను కాపాడు" అనుకుంటనే ఉన్న.

సగం మెట్లకాడ టక్కున కరెంటు పోయింది.

బొగ్గుబాయిలు గూడ సమ్మెలనే ఉన్నయ్ గద, బొగ్గు లేక రోజూ కరెంటు కోతే. రోజూ తిట్టుకునేదాన్ని. ఆ నిమిషం మాత్రం గోడకు ఒరిగి దండం పెట్టుకున్న!

ఉరికి రోడ్డు మీదికి పోయిన. లచ్చవ్వ పిండి కలుపుకొస్తనని ఇంట్లకు పోయిందట, కడాయి దించి మూత పెట్టే పోయిందట. అప్పుడే బయటికొచ్చిన ఆమెను పట్టుకొని ఏడ్చిన. "ఏమైందే పిల్లా, పోలీసోళ్లు నిన్ను గూడ తడిపిండ్రా?" అని నా తల తుడుస్తున్నది.

ఇగ దాచలేకపోయిన. "అవ్వా, పోలీసోళ్లు కాదు. నేనే."

సత్తెన్న మీసాలకెల్లి నీళ్లు కారుతున్నయ్. నెత్తి మీద పాలకూర ఆకు. నన్ను ఒకసారి చూసిండు, డాబా దిక్కు చూసిండు. పొట్ట పట్టుకొని నవ్వుడు మొదలుపెట్టిండు. అందరు నవ్విన్రు. నాకు పానం లేచొచ్చింది.

తెల్లారి మోటర్ వాపస్ తీస్కపోయిన. దుకానపాయన కథంత విని, కూలర్ల పెట్టే గుప్పెడంత మోటర్ చేతిల పెట్టిండు.

"డ్రమ్ముకెల్లి పై పైపు దాక కొలిస్తె అయిపోయేది మేడం! మీరు బడిల ఏం చెప్తరు?"

పన్నెండేండ్ల సంది లెక్కలే చెప్తున్న.

"తెలుగన్న" అని చెప్పి, ఎనక్కి చూడకుంట వచ్చేసిన.