ఒక్క రింగు మనుషులు

మా మరిది సత్యానందం ఫోన్ ఎత్తడు. ఎత్తకపోవడంతోనే అతని ఆటో నడుస్తుంది. కోదాడకీ అనంతగిరికీ మధ్య రోజంతా తిరిగే బండి అది, వెనక పచ్చ పరదా ఉంటుంది. ఆ దారిలో బండి కావలసినవాళ్లు అతనికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు. పొద్దున్నే అనంతగిరి యాదమ్మ నుంచి ఒక రింగు వస్తే ఆకుకూర కట్టలు కట్టడం అయింది, రమ్మని అర్థం. బడి పంతులమ్మ సౌందర్య రెండు రింగులిస్తే ఇవాళ ఆలస్యమవుతుంది, నాకోసం ఆగవద్దని. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా పైసా పడని ఫోన్లు వచ్చాయి గానీ అలవాటు మాత్రం పోలేదు. పొరపాటున ఎత్తాడంటే యాదమ్మ ఆ రోజంతా సాధిస్తుంది.

మా ఇంట్లో ఈ అలవాటు మా ఆయనతో మొదలైంది. ఆయన మిర్యాలగూడలో రైసుమిల్లులో పనిచేసేవారు. సాయంత్రం బస్సెక్కగానే నాకొక రింగు. నేను బియ్యం కడిగేదాన్ని. ఇంటిపట్టున ఉన్న రోజు, మధ్యాహ్నం అన్నం వార్చగానే తమ్ముడికొక రింగు ఇచ్చేవారు. సత్యం ఏ మూలనున్నా వచ్చి అన్న పక్కన కూర్చునేవాడు. పోయినేడు ఆయన వెళ్లిపోయారు. ఆ ఫోను, ఆ నంబరు నా దగ్గరే ఉండిపోయాయి. అన్నమయ్యాక ఇచ్చే ఆ రింగు ఇప్పుడు నేను ఇస్తున్నాను. సత్యం ఫోన్‌లో ఇప్పటికీ ‘అన్న’ అనే పడుతుంది. మార్చమని నేననలేదు, అతను మార్చలేదు.

ఆ మధ్య ఎవడో బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి, తీయతీయగా మాట్లాడి, కార్డు మీద అంకెలు చెప్పమన్నాడు. చాలాసేపు మోగుతోందని ఎత్తిన సత్యం, సగం చెప్పి, అనుమానం వచ్చి ఆగాడు. మర్నాడే సూర్యాపేట వెళ్లి, ఫోన్ కొన్న దుకాణంలో దొంగ ఫోన్లను పట్టే యాప్ ఒకటి వేయించుకొచ్చాడు. అది నిజంగానే పనిచేసింది. లాటరీ అన్నవాళ్లు, లోన్ అన్నవాళ్లు అందరూ బయటే ఆగిపోయారు. ఇంటికి కుక్కను తెచ్చుకున్నట్టుంది వదినా అని సంబరపడ్డాడు.

వారం తిరక్కముందే ఆటో మూగబోయింది. యాదమ్మ రోడ్డు మీద కట్టలు పెట్టుకుని నిలబడీ నిలబడీ, పాలకూర వాడిపోయాక వేరే బండెక్కి, మర్నాడు బస్టాండు దగ్గర అందరి ముందూ కడిగేసింది. సత్యానికి ఏమీ అర్థం కాలేదు. ఫోన్ మోగలేదని ఒట్టు పెట్టుకున్నాడు. అతని భార్య మంజుల ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి కనిపెట్టింది. ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేది మోసగాళ్ల పని అని ఆ యాప్ లెక్క. అలాంటి అలవాటున్న నంబరు కనిపిస్తే మొదటి రింగులు బయటికి వినపడనివ్వదు. చాలాసేపు మోగిస్తేనే వదులుతుంది. అలా ఆపినవాళ్ల పేర్లన్నీ లోపల ఎర్ర అక్షరాల్లో వరుసగా ఉన్నాయి. యాదమ్మ, సౌందర్య టీచర్, మంగయ్య మావ. అందరికన్నా పైన ‘అన్న’. పక్కన, ‘మోసగాడు కావచ్చు’ అని.

సత్యం అన్నం తింటున్నవాడు కంచం పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“మా అన్ననా మోసగాడు.”

ఆ యాప్ తీసి పారేయమంది మంజుల. అతను ఒప్పుకోలేదు. “కుక్క మంచిదే. మన మనుషులెవరో దానికి సెప్పేటోళ్లు లేరు, గంతే,” అన్నాడు. ఆ యాప్ వాళ్లకు ఫోరం అని ఒక చోటు ఉందట. ఏం కావాలో అక్కడ రాస్తే వాళ్లు చూసి చేస్తారట. అయినవాళ్ల పేర్లు పెట్టుకునే వీలు అందులో కావాలి, వాళ్లు ఒక్క రింగు ఇచ్చినా మోగాలి. అన్న పేరు మీది మచ్చ పోయేదాకా వదలనన్నాడు.

రాయడం నా వంతైంది. నేను చదివింది ఐదు వరకే, కానీ ఫోన్‌లో తెలుగు అక్షరాలు సత్యం కంటే తొందరగా దొరుకుతాయి నాకు. అతను తహసీల్దారుకు అర్జీ పెట్టినట్టే చెప్పాడు. గౌరవనీయులైన ఫోరం పెద్దలకు నమస్కరించి వ్రాయునది అని మొదలు. ఇట్లు తమ విధేయుడు అని పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరుతో ముగింపు. పంపామో లేదో మాయమైంది. వ్యక్తిగత వివరాలున్నందున తొలగించామని ఒక ముక్క వచ్చింది. చూసింది మోడరేటర్ అట, అంటే అక్కడి కాపలాదారు.

నంబరు తీసేద్దామన్నాను. అది లేకుండా రాస్తే ఆకాశరామన్న ఉత్తరం అవుతుందని, మొహం దాచుకుని మాట్లాడే ఖర్మ తనకేమీ పట్టలేదని అన్నాడు. అంకెలు వద్దంటే అక్షరాల్లో రాయమన్నాడు. తొమ్మిది, ఎనిమిది అంటూ రాశాను. ఈసారి వ్యాపార ప్రకటన అని తీసేశారు. మంజుల పొయ్యి దగ్గర నవ్వలేక చచ్చింది. “వాళ్లు హైదరాబాదుల కూసోని నీ ఆటో ఎక్కుతరనుకున్నవా ఏంది?”

మూడోసారి పద్ధతి మార్చాడు. అందరినీ ఒకేచోట నిలబెట్టి చెబితే ఎవరు వింటారు, పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ పోవాలి అన్నాడు. ఆ ఫోరంలో ఎవరెవరివో కష్టాలున్నాయి. ఒకతనికి బ్యాటరీ తొందరగా అయిపోతోంది, ఒకామెకు తెర నల్లగా కావాలి. ఒక్కొక్కరి కిందా ముందు వాళ్ల కష్టం గురించి ఒక మంచి మాట, తర్వాత మా సంగతి, అడుగున నంబరు. నా వేళ్లు నొప్పి పుట్టాయి. సాయంత్రానికి అన్నీ ఊడ్చేసి, సత్యాన్ని వారంపాటు ఆ ఫోరంలో అడుగు పెట్టకుండా చేశారు. ఒకే మాట అన్నిచోట్లా రాసేవాడు యంత్రమో దొంగో అయి ఉంటాడట. మొదట అన్న, ఇప్పుడు తమ్ముడు.

ఆ వారం అతను బడి నుంచి పంపేసిన పిల్లవాడిలా తిరిగాడు. ఆటోలో ఎక్కిన ప్రతివాళ్లూ రానిచ్చారా అని అడగడమే. యాదమ్మకు మాత్రం కోపం ఆగలేదు.

“ఆ మోడరేటర్ ఎవలి కొడుకు? ఊరు పేరు సెప్పు, వాళ్లమ్మతోని నేను మాట్లాడ్త.”

ఇంకో సంగతి జరిగింది అప్పుడే. బండి కావలసినవాళ్లు రింగు నాకు ఇవ్వడం మొదలుపెట్టారు. నేను సత్యానికి చాలాసేపు మోగేలా చేసి, అతను ఎత్తగానే యాదమ్మ అనో, మంగయ్య మావ అనో చెప్పి పెట్టేసేదాన్ని. ఏడాదిగా పలకని ఆయన ఫోన్ పొద్దుటినుంచీ మోగుతూనే ఉండేది. రింగును బట్టి ఎవరో పోల్చుకునేదాకా వచ్చాను. కూర మాడిపోయిన రోజు కూడా ఉంది. మంజుల నవ్వింది.

వారం అయ్యాక మళ్లీ కూర్చున్నాం. చివరికి వచ్చేసరికి అతను నంబరు చెప్పబోయాడు. నేను రాయకుండా అతని వంక చూశాను.

“నంబర్ ఎందుకు, సత్యం?”

“లేకుంటే నన్నెట్ల పట్టుకుంటరు వదినా?”

“కోదాడ బస్టాండుల అడిగితే నిన్ను చూపించనోళ్లు ఉన్నారా?”

అతను గడ్డం గోక్కున్నాడు. తర్వాత, అదే రాయమన్నాడు. అనంతగిరి రోడ్డు, పచ్చ పరదా ఆటో, ఎవరినడిగినా చెబుతారు అని. అర్జీ మాటలు కూడా వద్దన్నాడు. ఎవరి రింగుకు ఏం అర్థమో అదే చెప్పాడు, నేను రాశాను. యాదమ్మ ఆకుకూర, టీచర్ ఆలస్యం. ఆఖరున, ‘మా అన్న ఒక్క రింగు ఇస్తే అన్నమైందని. అన్న లేడు, వదిన ఇస్తది. అది మోసం కాదు’ అని చెప్పి లేచి బయటికి వెళ్లాడు.

అది మాయం కాలేదు. పొద్దున, మధ్యాహ్నం, టీ తాగుతూ తీసి చూసుకున్నాడు, అక్కడే ఉంది. దాని కింద జనం వచ్చారు. మాదీ ఇదే గోల అని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. ఒకాయన అత్తగారిది మూడు రింగులట, దానికి అర్థం ఇప్పటికీ తెలియదట. రెండు రోజులకు కృప అనే పేరుతో మోడరేటరే జవాబిచ్చింది. మీ మాట యాప్ చేసేవాళ్లకు చేర్చాను, మాది వేములపల్లి, మా అమ్మ రింగు కూడా నాకు వినపడటం లేదు, ఇన్నాళ్లూ మర్చిపోయిందనుకున్నాను అని రాసింది. సత్యం అది ఆటోలో అందరికీ చదివి వినిపించాడు. యాదమ్మ మెత్తబడి, పాపం పిల్ల, అంది.

మిరపకాయలు ఎండబోసే రోజులకు యాప్ కొత్తగా వచ్చింది. అందులో ‘నా వాళ్లు’ అని ఒక గడి. ఇంటోళ్లు అని పెడితే ఇంకా బాగుండేదని సత్యం సణిగాడు గానీ, మొహం వెలిగిపోతోంది. మొట్టమొదట ‘అన్న’ అని ఎక్కించాడు. ఎర్ర అక్షరాలు పోయాయి. ఫోన్ గూట్లో పెట్టి, వంటింట్లో ఉన్న నన్ను ఒక్క రింగు ఇమ్మన్నాడు.

ఇచ్చాను. గోడ అవతల మోగింది. మా ఆయన ఉన్నప్పుడు మోగినట్టే, అదే పాట. పెట్టేయడం మర్చిపోయి వింటూ నిలబడ్డాను. అది మోగుతూనే ఉంది. అతను ఎత్తలేదు, ఎత్తడు కదా. కాసేపటికి అటునుంచి గొంతు వినిపించింది.

“కట్ చెయ్ వదినా, అన్నమైందని తెలిసింది. చేతులు కడుక్కుంటున్న.”

అప్పటికి అన్నం ఇంకా కాలేదు. పెట్టేసి, గబగబా బియ్యం కడిగాను.