ఎవరూ వేయని ఊదు

మా కర్నూలు ఇంట్లో ఊదు వేసే అలవాటు లేదు. అగరుబత్తి పొగకే మా ఆయనకు తుమ్ములు ఆగవు. అయినా మొన్న సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని మా అమ్మాయి కాలేజీ ఆప్షన్లను నా ఇష్టప్రకారం మార్చబోతుండగా ఎక్కడినుంచో ఊదు వాసన గుప్పుమంది. అదేమో మైనింగ్ ఇంజనీరింగ్ చదువుతానని భీష్మించుకుంది, నేనేమో కంప్యూటర్స్‌ను పైకి తెద్దామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, మార్పులకు అదే ఆఖరి రోజు. పదిహేడేళ్ల పిల్లకు బండరాళ్ల గురించి ఏం తెలుసని నా మంట. కిటికీలన్నీ మూసే ఉన్నాయి, పక్కింటివాళ్లు ఊళ్లో లేరు.

అది వేంపల్లె దగ్గర మా ఊరి పీర్ల చావిడి వాసన. మొహర్రం నెలవంక కనపడగానే చావిడికి సున్నం కొట్టి, పెట్టెలోని పీర్లను తీసి చింతపండుతో తోమి, పట్టుబట్టలు కట్టి, నిమ్మకాయలు గుచ్చి నిలబెట్టేవాళ్లు. ముందర గుండంలో చింతమొద్దులు కణకణలాడుతుంటే పిల్లలం గుప్పెళ్లతో ఉప్పు విసిరి, అది చిటపటలాడగానే కేకలు పెట్టి పారిపోయేవాళ్లం. పసుపు మీద నల్లచారలు పూసుకున్న పులివేషాలవాళ్లు తప్పెట్ల దరువుకు ఎగురుతూ మీదికొస్తే నేను పోయి మా జేజి, అంటే నాయనమ్మ, కొంగులో దూరేదాన్ని, ఆ కొంగుముడిలో నాకోసం దాచిన మలీద ముద్ద బెల్లమూ నెయ్యీ కలిసి ఘుమఘుమలాడుతూ ఉండేది. మాది హిందూ రైతు కుటుంబమే, అయినా పీరును అడగందే మా ఇంట్లో బోరు కూడా వేసేవాళ్లు కాదు. ఆఖరి రోజు పెద్ద పీరును ఎత్తుకుని ఖాసిం మామ గడప గడపకూ వస్తే, ఇంటి ఆడవాళ్లు ఆయన కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసేవాళ్లు, ఇంటి పెద్ద మనసులోది అడిగేవాడు, పీరు ఖాసిం మామ నోట బదులు చెప్పేది. మిగతా రోజుల్లో ఖాసిం మామకు సైకిలు షాపు, మాట మాటకూ నత్తి.

నేను ఇంటర్ ముగించిన ఏడాది పీర్ల పండుగ ఎండలు ఇంకా తగ్గకముందే వచ్చింది. తిరుపతిలో వ్యవసాయ కాలేజీకి దరఖాస్తు పెడతానని నేను, ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని డాక్టరు కావాల్సిందేనని మా నాయన. నాతో ఒక్క మాటైనా అనకుండా విజయవాడలో హాస్టల్ కూడా మాట్లాడి వచ్చాడు. "మట్టిలో నేను మగ్గింది సాలదా? నువ్వు గూడానా?" అని నా దరఖాస్తు మీద సంతకం పెట్టనన్నాడు. అంతటితో ఆగాడా, పండుగ ముందు రోజు సైకిలు షాపుకు పోయి, నేను పక్కనే ఉన్నానని కూడా చూడకుండా, "రేపు పాప సంగతి అడుగుతా బావా, డాక్టరే అని సెప్పు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఖాసిం మామ ట్యూబు మీద ఆకురాయి రుద్దుతూ, "అ... అది నా సేతిలో ఉండేది కాదు బావా" అన్నాడు.

మరునాడు అమ్మ నీళ్లు పోసింది, నాయన అడిగాడు. తప్పెట్లు ఆగిపోయాయి. ఆకు కదలని ఎండలో పీరు మీది పట్టుబట్టలు మెల్లగా ఊగుతుండగా ఖాసిం మామ నాయన మొహంలోకి చూసి, ఎక్కడా తడబడకుండా అన్నాడు.

"ఒరే సిన్నోడా, నిన్ను పోనీకుండా నేను పట్టుకున్నది సాలదా? దాన్ని పోనీ."

మా నాయనను సిన్నోడా అని పిలిచింది ఒక్క మా తాత. పాలిటెక్నిక్‌లో సీటొచ్చిన కొడుకును సేద్యానికి మనిషి లేడని ఆపేసింది ఆయనే, ఆ సంగతి అమ్మ నాకు తర్వాత చెప్పింది. ఖాసిం మామ మా ఊరికి అల్లుడుగా వచ్చేనాటికే తాత పోయాడు.

పొద్దుగూకక ముందే నాయన చావిడికి పోయి, చాప మీద వాలిన ఖాసిం మామను లేపి అడిగాడు. "నే... నేనేమన్నా బావా? నాకేం తెల్దే" అని ఆయన మా మొహాలు చూశాడు. నాయన ఇంటికొచ్చి సంతకం పెట్టాడు. నన్ను తిరుపతి బస్సెక్కించిన రోజు కిటికీ పట్టుకుని, "చీనీ చెట్లకు నీళ్లు నేను కట్టుకుంటాలే బుజ్జెమ్మా, నువ్వు పో" అన్నాడు. ఆ పేరుతో నన్ను పిలిచింది ఆయనొక్కడే.

మా అమ్మాయి పుట్టకముందే నాయన పోయాడు. ఇప్పుడా చావిడి గోడలు కూలిపోయాయి, గుండం మీద సిమెంటు రోడ్డు పడింది, పులివేషాలు లేవు, ఖాసిం మామ తర్వాత పెద్ద పీరును ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు.

మొన్న నేను తేరుకునేసరికి మా అమ్మాయి పక్కన నిలబడి నన్నే వింతగా చూస్తోంది. తెర మీద మైనింగ్ అన్నింటికంటే పైనుంది, ఇక మార్చడానికి లేకుండా ఖాయమైపోయింది.

"నా కంప్యూటర్ ఎందుకు ముట్టుకున్నావే?" అన్నాను.

"నేనెక్కడ ముట్టుకున్నానమ్మా, నువ్వే నొక్కావు. గొంతు అదోలా పెట్టి ఏదో అన్నావు కూడా."

"ఏమన్నాను?"

ఎన్నడూ మా ఊరి మొహం చూడని పిల్ల, ఒక్కో మాటా గుర్తు చేసుకుంటూ చెప్పింది.

"'నిన్ను పోనిస్తి గదా బుజ్జెమ్మా, దాన్ని గూడా పోనీ' అన్నావు. బుజ్జెమ్మ ఎవరమ్మా?"