ఊరగాయ వాసన వేసే బొమ్మ

మా సందులో ఏ ఇంట బిడ్డ పుట్టినా టెట్సుజి అన్నయ్య బొటనవేలంత కొయ్యబొమ్మ చేసివ్వాల్సిందే. తల తిప్పితే మెడ 'క్యూ'మనాలి. పలకనిదాన్ని మా కొండ ఊళ్లో బొమ్మ అనరు. కొత్తగా పుట్టిన మా మనవరాలు ఆదివారం ఆసుపత్రి నుంచి వస్తోంది. అన్నయ్యకేమో పోయిన చలికాలం నుంచి వేళ్లలో పట్టు లేదు.

బొమ్మ మొండెం లేత్ మర మీద గిర్రున తిరుగుతుంటే తలను దాని రంధ్రంలోకి నొక్కాలి. రాపిడికి వేడెక్కి టక్కున కూర్చుంటుంది. గోలీకాయంత తల మాత్రం ఆయన వేళ్లలోంచి జారి చెక్కపొట్టులో పడుతోంది.

"ఇక మర ఆపేస్తానే," అన్నాడు భార్యతో.

"ఆపి? పొద్దస్తమానం నా వంటింట్లో కూర్చుని వంకలు పెడతారా? నా వల్ల కాదు బాబూ!" అంది ఫుసాయె వదిన.

ఆ మాటకే పౌరుషం వచ్చింది కాబోలు, తల జారకుండా పిడి ఉన్న చిన్న చెక్క గిన్నె తయారుచేశాడు. పిడి అరచేతిలో, తల గిన్నెలో. సాయంత్రం తల గిన్నెలో చక్కగా బిగిసింది. పొద్దున చూస్తే గిన్నె ఉబ్బి, తల వదులుగా ఊగుతోంది.

"పక్కనున్న నీ వేడినీళ్ల స్నానాలశాల ఆవిరే చెల్లెమ్మా! నా కొంప ముంచింది!" అన్నాడు నాతో.

నాకు ఒళ్లు మండింది. మా తాతల నాటి నుంచి ఊరందరి నడుములూ బాగుచేస్తున్న ఆవిరి అది!

"అందులోనే రోజూ మునుగుతావుగా అన్నయ్యా, అప్పుడు గుర్తురాలేదా?"

వదిన మా గొడవ పట్టించుకోలేదు. "గిన్నె అంచుకు నాలుగు గాట్లు పెట్టండి," అంటూ ముల్లంగి ఊరగాయ సీసా మూతకున్న రబ్బరు ఊడదీసి తెచ్చింది. గాట్లు పెట్టి రబ్బరు తొడిగితే, గిన్నె ఉబ్బినా తలను వదల్లేదు.

ఆదివారం మనవరాలిని ఎత్తుకుని నేరుగా ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. లేత్ తిరిగింది. అన్నయ్య పిడిని అరచేత్తో నొక్కాడు. సన్నటి పొగ, టక్కున చప్పుడు. మర ఆపి, బొమ్మ తీసి, మెల్లగా మెడ తిప్పాడు.

క్యూ!

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఏడుస్తూనే నవ్వాను. బొమ్మ ముల్లంగి ఊరగాయ కంపు కొడుతోంది.

అన్నయ్య అప్పటికే ఇంకో చెక్కముక్క వెతుకుతున్నాడు. "ఏమే, సందులో ఇంకెవరైనా కడుపుతో ఉన్నారా?"

"ఉంటే చెబుతా. ముందు నా రబ్బరు ఇలా ఇవ్వండి," అంది వదిన.

"ఇవ్వను. ఇంకో సీసా కొనుక్కో!" అన్నాడాయన.